షిగురె సందులో నడుం వంచిన వాన

ఒకప్పుడు వాన నిట్టనిలువుగా పడేది. గోడ కట్టే మేస్త్రీ దారానికి గుండు కట్టి వేలాడదీస్తాడు చూడండి, అచ్చం అలాగ. ఇటు వంగేది కాదు, అటు వంగేది కాదు. కిటికీ బార్లా తెరిచిపెట్టుకున్నా ఇంట్లోకి జల్లు కొట్టేది కాదు. చూరు కింద ఆరేసిన బట్టలు చూరు కిందే ఆరిపోయేవి.

అందుకు వానకి ఎంత గర్వమో చెప్పలేను. "నేను ఆకాశంలో బయల్దేరితే తిన్నగా నేలకే. మధ్యలో ఎవరికీ తల వంచను" అనేది. కొండలకి అదే చెప్పేది, చెట్లకి అదే చెప్పేది. వెదురు పొద పాపం, "అప్పుడప్పుడూ వంగితే ఏం పోతుందమ్మా, నేను వంగడం లేదూ?" అని అడిగింది ఓసారి. "నీ ఖర్మ" అంది వాన.

ఆ రోజుల్లో వానకి జపాన్ దేశం అంటే పుట్టిల్లు లెక్క. వచ్చిందంటే కదిలేది కాదు. వేసవి మొదట్లో, అక్కడ ఉమె అనే పుల్లటి పళ్లు పండే రోజుల్లో ముసురు పట్టిందంటే వారాల తరబడి అదే ముసురు. గోడలు చెమ్మ, బట్టలు చెమ్మ, చివరికి ఉప్పు జాడీలో ఉప్పు కూడా చెమ్మే.

ఆ దేశంలో షిగురె అని ఓ ఊరు ఉండేది. కొండకీ ఏటికీ మధ్య ఇరుక్కున్న ఊరు. ఈ చివర నుంచి ఆ చివరికి పోవాలంటే ఒక్కటే సందు. ఆ సందు కూడా ఎంతనుకున్నారు? రెండు గొడుగులు ఎదురుపడితే నిండిపోయేంత.

గొడుగులంటే ఇప్పటి గొడుగులు కావు. వెదురు పుల్లల మీద కాగితం అతికించి, నూనె పట్టించేవారు. కాగితం గొడుగా అని నవ్వకండి. నూనె సరిగ్గా పట్టిస్తే చుక్క కారదు. ఆ ఊళ్లో ఇంటికి తలుపు లేకపోయినా సరిపెట్టుకునేవారు గానీ, గొడుగు లేకుండా గడప దాటేవారు కాదు.

ఇక ఆ ఊరి మర్యాద సంగతి చెబుతా వినండి. సందులో ఇద్దరు ఎదురెదురుగా వస్తే, ఎవరి గొడుగు వాళ్లు గోడవైపు వంచాలి. నా గొడుగు నీళ్లు నీ మీద కారకూడదు, నీ గొడుగు నీళ్లు నా మీద కారకూడదు అని. మంచి అలవాటే, కాదనను. మన వీధుల్లో అయితే గొడుగు పుల్ల కంట్లో పొడిచి, పైగా "కళ్లు నెత్తికెక్కాయా" అని మనల్నే అంటారు.

కానీ వాన నిలువుగా పడుతున్నప్పుడు గొడుగు పక్కకి వంచితే ఏమవుతుంది? రెండో భుజం బయటపడి నానిపోతుంది. నానిపోయినా "అబ్బే, నేనేం తడవలేదండీ" అనాలి. ఆపైన నడుం వంచి నమస్కారం పెట్టాలి. అవతలి మనిషి తల ఎత్తకముందు మనం ఎత్తితే తప్పు. అవతలి మనిషి గొడుగు నిలబెట్టకముందు మనం నిలబెడితే మరీ తప్పు. ఆ తప్పు చేసినవాళ్ల గురించి ఊరంతా చెప్పుకునేది. అది కూడా చాలా మర్యాదగా చెప్పుకునేది.

అందుకని ఆ ఊళ్లో వానాకాలం అంటే సగంమందికి జలుబు. మిగతా సగంమంది ఆ జలుబు గురించి పరామర్శించడానికి వెళ్లి, దారిలో తడిసి, తామూ తెచ్చుకునేవారు.

ఓ రోజు మధ్యాహ్నం జోరుగా వాన పడుతోంది. సందు ఆ చివర, పడవ నడిపే తోకుజి భార్య ఒహిసాకి నొప్పులు వస్తున్నాయి. కడుపులో బిడ్డ అడ్డం తిరిగి ఉంది. పోయినేడు తొలిచూలు బిడ్డ దక్కలేదు ఆ పిల్లకి. అందుకని ఇంట్లో అందరికీ భయంగానే ఉంది.

సందు ఈ చివర మంత్రసాని ఒకుమా ఇల్లు. మనిషి భారీగా ఉంటుంది, నోరూ అంతే. తోకుజి పరుగెత్తుకుంటూ వచ్చి ఆవిడ గుమ్మంలో నడుం వంచాడు.

"ఒకుమా గారూ, ఈ వానలో మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించాలి. మీకు వీలు కుదిరితే, అదీ మీకు శ్రమ లేకపోతే..."

"వీలు సంగతి తర్వాత. నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి?"

"పొద్దున్నేనండి. బిడ్డ అడ్డం తిరిగిందని అమ్మ అంటోంది. అంత పొద్దున్నే వచ్చి తలుపు కొడితే బాగుండదేమోనని..."

ఒకుమాకి ఒళ్లు మండింది. "నీ మర్యాద తగలెయ్య. నువ్వు పరుగెత్తి నీళ్లు కాచి ఉంచు. నీ వెనకే వస్తున్నా" అంది. తోకుజి వెనక్కి పరుగెత్తాడు. ఒకుమా తన మూట చంకన పెట్టుకుని, గొడుగు వేసుకుని, చెక్క చెప్పులు టకటకలాడించుకుంటూ సందులోకి దిగింది.

దిగింది గానీ, సందు మధ్యలో ఆగిపోయింది. తోకుజి అటు వెళ్లాడో లేదో, అక్కడ ఇద్దరు పెద్దమనుషులు ఎదురుపడ్డారు. ఒకాయన సోయెమన్, బియ్యపు సారా కాచి అమ్మే ఆసామి. రెండో ఆయన గిన్‌పే, బడిపంతులు. ఇద్దరూ గొడుగులు వంచి, నడుములు వంచి, అలాగే ఉన్నారు.

"ముందు తమరు దయచేయండి, పంతులుగారూ."

"ఎంతమాట. తమరి తర్వాతే నేను."

"తమరి భుజం తడుస్తోందండీ."

"ఇదొక భుజమా అండీ. తమరి భుజం ముందు ఇదేపాటి."

ఆ తర్వాత ఆయన ఇంకాస్త వంగాడు. ఈయన ఊరుకుంటాడా, మరికాస్త వంగాడు. సోయెమన్ వెనక నలుగురు, గిన్‌పే వెనక నలుగురు వచ్చి ఆగారు. ఆగినవాళ్లు ఒకళ్లకొకళ్లు నమస్కారాలు మొదలుపెట్టారు. సందంతా వంగిన నడుములే.

ఒకుమా ముందు దగ్గింది. లాభం లేకపోయింది. "అయ్యా, నేను కాన్పుకి వెళుతున్నా. అక్కడ బిడ్డ అడ్డం తిరిగింది. కాస్త దారి ఇవ్వండి" అంది.

ఇద్దరు పెద్దమనుషులూ అదిరిపడ్డారు. "అయ్యో, కాన్పా? అయితే ముందు మీరే వెళ్లాలి. తప్పకుండా మీరే వెళ్లాలి" అన్నారు. అని ఊరుకోవచ్చుగా. ఆవిడవైపు తిరిగి మళ్లీ నడుములు వంచారు. ఆవిడ మీద చుక్క పడకూడదని గొడుగులు రెండూ వెనక్కి వాల్చారు. ఇప్పుడు సందులో ముందు రెండు తలకాయలు, వాటి వెనక తడికలాగా రెండు గొడుగులు. ఎలక కూడా దూరే సందు లేదు.

తోసేసి వెళ్లొచ్చుగా అంటారు మీరు. మొదటిసారి విన్నప్పుడు నేనూ అదే అన్నాను. కానీ ఒకుమా నోరు ఎంత పెద్దదైనా, ఆవిడా ఆ ఊరి నీళ్లు తాగి పెరిగిందే. తొయ్యడానికని చెయ్యి ఎత్తింది. చెయ్యి లేచిన మాట నిజమే గానీ, దాంతోపాటు మెడ వంగిపోయింది. పెద్దమనుషులకి నమస్కారం పెట్టేసింది. పెట్టాక తన మెడ మీద తనకే కోపం వచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఇదంతా వాన చూస్తోంది. వానకో కష్టం ఉంది. మనలాగా అది ఒక్కచోటే ఉండలేదు, ఊరంతా ఒకేసారి పడుతుంది. ఇక్కడ సందులో "ముందు తమరు, కాదు ముందు తమరు" వింటూనే, అక్కడ ఒహిసా ఇంటి కప్పు మీద కూడా పడుతోంది.

ఆ కప్పు కింద ఒహిసా గుడ్డముక్క పళ్ల మధ్య బిగించి మూలుగుతోంది. గట్టిగా అరిస్తే పక్కింటివాళ్లకి ఇబ్బంది అని. నొప్పి కాస్త ఆగినప్పుడు గుడ్డ తీసి, "అత్తయ్యా, ఈసారి కూడా పోతుందా?" అని అడిగింది. అత్తగారు కోడలి తల నిమిరింది.

సందు పక్క కాలవలో వాన నేస్తం కప్ప ఒకటి కూర్చుని ఉంది. "ఒసే కప్పా, ఏం చెయ్యనే?" అని అడిగింది వాన.

"ఆగిపో. నువ్వు ఆగితే గొడుగులు ముడుస్తారు, పోతారు" అంది కప్ప.

"ఆగడం నా చేతుల్లో లేదే. మబ్బు మూట విప్పాక నేను పడాల్సిందే. అదీగాక ఏటి ఒడ్డున నాట్లు వేస్తున్నారు. నేను ఆగితే అవి ఎండిపోవూ?"

"అయితే గట్టిగా పడు. తట్టుకోలేక పరుగెడతారు."

సరే అని వాన కుండపోతగా పడింది. పెద్దమనుషులు పరుగెత్తారా? "అరెరె, వాన పెరిగింది. తమరి మీద పడుతుందేమో" అని గొడుగులు ఇంకా వంచేశారు. ఇద్దరూ చెవుల దాకా నానిపోయి, "నాకేం తడవలేదండీ" అంటే "నాకూ తడవలేదండీ" అనుకున్నారు.

ఇలా కాదని వాన సన్నగా తుంపర పడింది. అది మరీ పొరపాటయింది. తుంపర పడితే ఆ ఊరివాళ్లు వాతావరణం గురించి మాట్లాడకుండా ఉండలేరు.

"కాస్త తగ్గినట్టుంది కదండీ."

"తగ్గినట్టే ఉందండీ."

"నిన్న ఇంతకంటే ఎక్కువే పడింది."

"మొన్న ఇంకా ఎక్కువండీ. రేపు ఎలా ఉంటుందో."

సందు ఈ కొస నుంచి ఆ కొస దాకా అందరూ అందుకున్నారు. తగ్గిందని ఒకరు, తగ్గిందని ఇంకొకరు. కాదన్నవాళ్లు ఒక్కరు లేరు. కాదంటే త్వరగా తేలిపోయేది.

ఒకుమాకి ఓపిక అయిపోయింది. ఆకాశం వైపు చూసి, "దేవుడా, ఒకళ్ల మొహం ఒకళ్లకి కనిపిస్తున్నంతసేపూ వీళ్లు కదలరు. ఆ మొహాలకి ఏదైనా అడ్డం పెట్టు" అంది.

దేవుడు విన్నాడో లేదో నాకు తెలీదు. వాన మాత్రం విన్నది. మొహాలకి అడ్డం పెట్టడానికి వాళ్ల చేతుల్లో గొడుగులు ఉండనే ఉన్నాయి. అవి నెత్తిమీద ఉన్నాయి, మొహం ముందుకి రావాలి. ఎప్పుడొస్తాయి? వాన మొహం మీద కొడితే వస్తాయి. మొహం మీద కొట్టాలంటే వాన వంగాలి.

వంగాలని చూసింది వాన. చేతకాలేదు. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ వంగింది కాదు, నడుం కర్రలా బిగుసుకుపోయి ఉంది. ఇక గతిలేక కొండమీదికి వెళ్లి గాలిగాణ్ణి పిలిచింది.

గాలిగాడి గురించి ఏం చెప్పమంటారు? ఆ దేశం మొత్తానికి మర్యాద లేనివాడు వాడొక్కడే. చెప్పకుండా వస్తాడు, తలుపులు బాదుతాడు, టోపీలు ఎగరేసుకుపోతాడు, క్షమించమని ఒక్కనాడూ అనడు. వాన వాడితో మాట్లాడటం మానేసి చాలాకాలం అయింది. వాడు దేవదారు చెట్ల కింద కాళ్లు బారజాపుకుని పడుకుని ఉన్నాడు.

"ఏం వదినా, దారి తప్పి ఇటొచ్చావా?"

"లే. వెనక నుంచి నన్నో తోపు తొయ్యాలి. ఆ సందు పొడుగునా వాలుగా పడాలి నేను."

గాలిగాడు లేచి కూర్చున్నాడు. "నువ్వు? వాలుగా? ఎవరికీ తల వంచనన్నావుగా. కొండలన్నీ నిన్ను చూసి నవ్వుతాయి. నడుం ఒకసారి పట్టు తప్పితే మళ్లీ నిలబెట్టుకోవడం కష్టం, ముందే చెబుతున్నా."

"నవ్వితే నవ్వనీ. అక్కడొక పిల్ల నొప్పికి అరవడానికి కూడా మొహమాటపడుతోంది. ఆలస్యం చేస్తే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు. తొయ్యరా."

గాలిగాడికి ఇంకేం వినాలనిపించలేదు. రెండు చేతులతో వాన వీపు మీద ఒక్క తోపు తోశాడు. ఫెళ్లుమంది. ఊళ్లోవాళ్లు పిడుగనుకున్నారు. అది వాన నడుం. కళ్ల ముందు చుక్కలు కనిపించాయి దానికి, అయినా పళ్లు బిగబట్టి సందులోకి వాలుగా దూసుకొచ్చింది.

చల్లటి జల్లు మొహం మీద కొట్టేసరికి సోయెమన్ గొడుగుని డాలులాగా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన వెనక నలుగురూ పెట్టుకున్నారు. ఒకుమా పెట్టుకుంది. అవతలి పక్క వాళ్లకి వీపు మీద కొట్టింది, వాళ్లు గొడుగులు వెనక్కి తిప్పుకుని తలలు దించుకున్నారు. ఒక్క క్షణంలో సందులో మొహాలు మాయమైపోయాయి.

సోయెమన్ గొడుగు వెనక ఆలోచించాడు. 'పంతులు కనిపించడం లేదు. కనిపించని మనిషికి నమస్కారం పెట్టకపోతే తప్పెలా అవుతుంది?' గిన్‌పే కూడా సరిగ్గా అదే ఆలోచించాడు, చదువుకున్నవాడు కాబట్టి ఇంకాస్త తొందరగా. నిజానికి ఇద్దరికీ ఇంటికి పోవాలనే ఉంది. ఇద్దరూ గోడలు రాసుకుంటూ, ఎవరో తెలీనట్టు ఒకరినొకరు దాటేసి, చకచకా వెళ్లిపోయారు. వెనకవాళ్లు కూడా కదిలారు.

ఒకుమా గొడుగు చాటున తల దించుకుని ముందుకి ఉరికింది. అడ్డొచ్చినవాళ్లని తోసింది. ఈసారి చెయ్యి లేచింది గానీ మెడ వంగలేదు. ఎవరిని తోసిందో ఆవిడకి తెలీదు, తోసిందెవరో వాళ్లకి తెలీదు. ఆ ఊళ్లో పుట్టాక అంత హాయిగా నడవడం ఆవిడకి అదే మొదలు.

ఇంట్లోకి అడుగుపెడుతూనే చేతులు కడుక్కుంది. ఒహిసా నోట్లో గుడ్డ లాగి అవతల పారేసింది. "గట్టిగా అరువు తల్లీ. పక్కింటివాళ్లు ఏమైనా అనుకుంటే నాతో చెప్పమను" అంది. ఒహిసా అరిచింది. ఒకుమా మెల్లగా, ఓపిగ్గా బిడ్డని సర్దింది. చీకటి పడకముందే ఆడపిల్ల పుట్టింది. పక్కింటివాళ్ల సంగతి దానికేం తెలుసు, ఊరు ఎగిరిపోయేలా ఏడ్చింది. ఒహిసా ఆ ఏడుపు వింటూ నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలీదు.

మర్నాడు ఊరంతా చూడటానికి వచ్చింది. సోయెమన్, గిన్‌పే కూడా వచ్చారు. గుమ్మం దగ్గర "ముందు తమరు" అయ్యేసరికి చాలాసేపు పట్టింది, అది వేరే సంగతి. లోపల కూర్చుని టీ తాగుతూ సోయెమన్, "మేం సమయానికి దారి ఇవ్వబట్టి గానీ" అన్నాడు. "అవునండీ, తమరు ఇవ్వబట్టే" అన్నాడు గిన్‌పే. "కాదండీ, తమరే ముందు ఇచ్చారు."

తర్వాత పంతులు, "నిన్నటి వాన చూశారూ? మనిషి మొహం మీద కొట్టడమేమిటండీ. బొత్తిగా మర్యాద లేదు" అన్నాడు.

"అసలు లేదండీ" అన్నాడు సోయెమన్. అక్కడున్నవాళ్లంతా తలలూపారు.

కప్పు మీద పడుతున్న వాన ఈ మాటలన్నీ విన్నది. విరిగినంత నొప్పిగా ఉంది నడుం. పైనుంచి కొండలు కిసుక్కుమంటూనే ఉన్నాయి. "ఇంత చేస్తే నన్ను అంటారా? నాకెందుకీ పీడ" అని గాలిగాణ్ణి పక్కకి పొమ్మని, మూలుగుతూ నడుం ఎత్తి, మళ్లీ నిలువుగా పడింది.

వాన నిలువుగా పడగానే సందులో గొడుగులు నెత్తిమీదికి లేచాయి. మొహాలు బయటపడ్డాయి. "అయ్యో, తమరా? ముందు తమరు దయచేయండి" అని ఎవరో అన్నారు. ఇంకేముంది, నడుములు వంగాయి.

ఒకుమా చూరు కింద నిలబడి అది చూసింది. చేతులు చాపి, దోసిట్లో వాన పట్టి, దాంతోనే మాట్లాడింది.

"చూడమ్మా, నీకెవరూ మంచిమాట చెప్పరు. నువ్వు మేలు చేశావని ఒప్పుకుంటే, తాము అడ్డంగా నిలబడ్డామని ఒప్పుకోవాలి కదా. ఆ పని వీళ్లు చచ్చినా చెయ్యరు. కానీ కుమ్మరివాళ్ల కోడలికి ఎనిమిదో నెల. ఆ ఇల్లు కూడా సందు అవతలే. నేను మళ్లీ ఇదే దారిన పోవాలి. వంగుతావో, నిలబడతావో నీ ఇష్టం."

వాన కిటికీలోంచి లోపలికి చూసింది. తల్లి పక్కన పసిపిల్ల గుప్పిళ్లు మూసుకుని నిద్రపోతోంది. పిల్ల బుగ్గ మీద చిన్న చుక్క ఒకటి పడాలనిపించింది వానకి. నిలువుగా పడితే కిటికీలోంచి లోపలికి రాలేదు. గాలిగాణ్ణి పిలిచింది.

"తొయ్యరా" అంది.

"ఈసారి వంగితే ఇక ఆ నడుం నీ మాట వినదు వదినా."

"తెలుసు. తొయ్యి."

ఆ తర్వాత షిగురె ఊళ్లో కుమ్మరివాళ్ల కోడలికీ, ఆ తర్వాత చాలామందికీ ఒకుమా వేళకి చేరింది. ఊళ్లో జలుబులు తగ్గాయి. వాన వస్తే జనం లోలోపల సంతోషపడటం మొదలుపెట్టారు. గొడుగు చాటున అప్పు ఇచ్చినవాడికీ, వియ్యపురాలికీ కనిపించకుండా పోవచ్చుగా. పైకి మాత్రం "పాడు వాన, మొహం మీద కొడుతోంది" అనేవారు.

ఇప్పుడక్కడ కాగితం గొడుగులు పోయి, అవతలివైపు అంతా కనిపించే ప్లాస్టిక్ గొడుగులు వచ్చాయి. ఏ వీధి చివర కొట్టులో చూసినా అవే. అడ్డం పెట్టుకున్నా మొహాలు కనిపించిపోతాయి. అందుకని వాళ్లు గొడుగు కింద సెల్‌ఫోను చూసుకుంటూ నడుస్తారు. మనవాళ్లకి ఆ తిప్పలు కూడా లేవు, గొడుగు లేకుండానే తెలిసినవాళ్లని చూడనట్టు పోగలరు.

ఒక్కోసారి నిలువుగా కూడా పడుతుందిగా అని అడగబోతున్నారు, తెలుసు. అది గాలిగాడు అలిగి కొండమీద పడుకున్న రోజు. వాణ్ణి బతిమాలి లేపేదాకా వాన తంటాలు పడుతూ ఉంటుంది.

అప్పటినుంచే వాన ఒక పక్కకి వంగి పడుతోంది. జనం గొడుగులు మొహానికి అడ్డం పెట్టుకుని, దాన్ని తిట్టుకుంటూ, గబగబా ఇళ్లకి చేరుకుంటున్నారు. వాన ఆ తిట్లన్నీ వింటుంది. వింటూనే వంగి పడుతుంది.